బహుమతా, లంచమా? టీనేజ్ పిల్లల విషయంలో అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చే అమ్మానాన్నలు కూర్చోగానే అనే మాట, "వీడికి అన్నీ కొనిచ్చాం మేడమ్, అయినా పుస్తకం ముట్టుకోడు." చిక్కంతా ఆ కొనివ్వడంలోనే ఉంది, ఎందుకంటే ఏది దేనికిచ్చారో వాడికి తెలీదు, అడిగితే మీకూ గుర్తుండదు.

అపోహ: పిల్లలకి బహుమతి ఆశ చూపడమంటే లంచమివ్వడమే.

వాస్తవం: ఎప్పుడు చెప్పారన్నది చూడాలి. వాడు అరిచి తలుపు ధడేల్మని వేసుకున్నాక "సరే, చదువు, ఫోన్ ఇస్తా" అంటే లంచమే, అరిస్తే బేరం కుదురుతుందని మీరే నేర్పినట్టు. గొడవలేని రోజున కూర్చుని, ఏం చేస్తే ఏం వస్తుందో ముందే అనుకుని, పని అయ్యాక ఇస్తే అది ఒప్పందం.

అపోహ: మంచి మార్కులొస్తే ల్యాప్‌టాప్ అంటే వాడే చదువుతాడు.

వాస్తవం: నాకు ఎక్కువ కనిపించే పొరపాటు ఇదే. ఎప్పుడో వచ్చే పెద్ద లాభం కన్నా ఇవాళ దొరికే చిన్నదే ఆ వయసులో ఎక్కువ లాగుతుంది. పైగా మార్కులు పూర్తిగా వాడి చేతిలో లేవు, కుర్చీలో కూర్చోవడం మాత్రం ఉంది. అమెరికాలో రోలాండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త స్కూళ్లలో పిల్లలకి డబ్బులిచ్చి చూసి 2011లో ఫలితాలు ప్రచురించాడు. షికాగోలో తొమ్మిదో తరగతి వాళ్లకి గ్రేడ్లకి డబ్బిస్తే పరీక్ష స్కోర్లు పెరగలేదు. కావాలని అందరికీ ఉంది, ఏం చేస్తే వస్తుందో తెలీదు.

నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయితో ల్యాప్‌టాప్ మాట పక్కన పెట్టించాం. రోజూ 20 నిమిషాలు లెక్కలు, ఫోన్ వేరే గదిలో, జవాబు తప్పొచ్చినా పర్లేదు. అయ్యాక అరగంట గేమ్, ఆ అరగంటలో ఇంట్లో ఎవరూ పిలవకూడదు. ఈ చివరి షరతు వాడు పెట్టిందే, నన్నడిగితే గేమ్ కన్నా వాడికి అదే పెద్ద బహుమతి. మొదటి వారం నాలుగు రోజులు కూర్చున్నాడు. వాళ్ల నాన్న "నాలుగే కదా" అన్నారు. అంతకుముందు వారం ఎన్ని రోజులండీ అంటే నవ్వేశారు.

అపోహ: బహుమతులిస్తే లోపలి ఆసక్తి చచ్చిపోతుంది.

వాస్తవం: సగం నిజం. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లల మీద ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తర్వాత తమంతట తాము వేయడం తగ్గించారు, చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అయితే అది అప్పటికే ఇష్టమున్న పని. కెమిస్ట్రీ అంటేనే ముఖం తిప్పుకునేవాడికి అసలు ఆసక్తే లేదు, ఇక చచ్చిపోయేదేముంది? మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే గిటార్ వాయించుకుంటుంటే మాత్రం దానికి పాయింట్లు పెట్టకండి, దయచేసి.

అపోహ: తప్పు చేస్తే ఇచ్చింది లాక్కోవాలి.

వాస్తవం: వద్దు. సోమవారం సంపాదించుకున్నది బుధవారం గొడవకి పోతే, గురువారం నుంచి వాడు ఆ ఒప్పందాన్ని నమ్మడు. తప్పుకి వేరే లెక్క చూసుకోండి.

అపోహ: ఇన్ని చేసినా కదలట్లేదంటే ఒట్టి బద్ధకం.

వాస్తవం: ముందు పనిని సగానికి తగ్గించి చూడండి, 20 నిమిషాలు కాకపోతే 10. రెండు మూడు వారాలు చూసినా కదలిక లేకపోతే బహుమతి పెంచకండి, కారణం వెతకండి. నిద్ర చాలకపోవచ్చు, అక్షరాలు చదవడమే కష్టంగా ఉండొచ్చు, క్లాసులో ఎవరో ఏడిపిస్తుండొచ్చు. ఇష్టమైన ఆట కూడా మానేసి గదిలోనే ఉంటున్నాడంటే ఈ బహుమతుల ఒప్పందం పక్కన పెట్టేసి వెంటనే డాక్టర్‌కి చూపించండి.