ఒకటిన్నర యూనిట్ల కరెంటు

విజయవాడ ఆటోనగర్‌లో మాకు తెలిసిన లారీ మెకానిక్ ఒకాయన ఉన్నారు. నాకు బాబాయ్ వరస. మొన్నొక సాయంత్రం ఆయన షెడ్డులో కూర్చుని ఫోన్లో ఫెరారీ కంపెనీ హైబ్రిడ్ సూపర్ కారు లాఫెరారీ బొమ్మ చూపించాను. వేళ్లతో పెద్దది చేసి చూసి, "అబ్బాయ్, పన్నెండు సిలిండర్ల ఇంజనుండగా దీనికి మళ్లీ బ్యాటరీ ఎందుకు పెట్టారంటావ్? పెట్రోలు మిగుల్చుకోడానికా?" అన్నారు.

ఆ కారు కొనేవాడికి పెట్రోలు బిల్లు ఒక లెక్కా! అయినా హైబ్రిడ్ (ఇంజనుతో పాటు బ్యాటరీ, ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉన్న బండి) అనగానే మనకి మైలేజీయే గుర్తొస్తుంది, ఆయన తప్పు లేదు. నిజానికి జవాబు ఆయన వృత్తిలోనే ఉంది. లోడు లారీ కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏమవుతుందో చెప్పమన్నాను. "తొక్కంగానే లాగదు. టర్బో అందుకోవాలిగా" అన్నారు.

అదీ సంగతి. ఇంజను వదిలే పొగే టర్బో చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని సిలిండర్లలోకి కుక్కుతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పొగ తక్కువ, కాబట్టి చక్రం ఊపందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. లారీకి ఆ ఆలస్యం పెద్ద నష్టం కాదు. రేసు ట్రాకు మలుపులోంచి బయటికొచ్చే కారుకి అదే ప్రాణసంకటం. ఎలక్ట్రిక్ మోటారుకి ఈ బాధ లేదు. కరెంటు అందిన మరుక్షణం, చక్రం ఇంకా కదలకముందే, తన తిప్పుడు బలమంతా ఇచ్చేస్తుంది. 375 కార్లు మాత్రమే తయారైన మెక్‌లారెన్ పీ1 అనే టర్బో హైబ్రిడ్‌లో మోటారు మొదటి పని ఆ ఖాళీని పూడ్చడం. గేరు పైకి మార్చే క్షణంలో అదే మోటారు ఎదురు బలం పెట్టి ఇంజను వేగాన్ని చప్పున దించుతుంది కూడా.

లాఫెరారీలో టర్బో లేదు, అయినా మోటారు ఉంది. ఏ ఇంజనైనా అడుగు వేగాల్లోనూ పై వేగాల్లోనూ ఒకేలా లాగలేదు, ఎక్కడో ఒకచోట రాజీ పడాల్సిందే. అడుగున మోటారు చూసుకుంటుందన్న ధైర్యంతో ఫెరారీ ఇంజనీర్లు వీ12 ఇంజన్ని పూర్తిగా పై వేగాలకే మలిచారు. అది నిమిషానికి 9,250 చుట్లు దాకా తిరిగి 800 హార్స్‌పవర్ ఇస్తుంది. మోటారు మరో 163 కలిపితే 963.

ఇక నాకు బాగా నచ్చిన లెక్క. 1,500 కిలోల కారు గంటకి 300 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. ఆ పరుగులో దాగిన శక్తి ఎంత? మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే దాదాపు ఒకటిన్నర యూనిట్లు. మామూలు సీలింగ్ ఫ్యాను ఒక రాత్రీ ఒక పగలూ దాటకుండానే తినేసేంత! బ్రేకు వేసినప్పుడు దాన్నంతా బ్యాటరీలోకి తిరిగి పంపితే బాగుండు. కుదరదు. 6 సెకన్లలో ఆపాలంటే సగటున 870 కిలోవాట్ల చొప్పున శక్తిని లాగెయ్యాలి. లాఫెరారీ మోటారు బలం 120 కిలోవాట్లు. అది మొదటినుంచి చివరిదాకా పూర్తి బలంతో పట్టినా దక్కేది ఏడో వంతు. మిగతాది గాలికీ, కార్బన్ సిరామిక్ బ్రేకు డిస్కులకీ పోతుంది. 2009లో ఫార్ములా వన్ రేసుల్లోకి బ్రేకు శక్తిని దాచుకునే ఈ పద్ధతి తొలిసారి వచ్చినప్పుడు అనుమతించింది ఇంకా తక్కువ: ల్యాపుకి (ట్రాకు చుట్టూ ఒక రౌండుకి) 400 కిలోజౌల్స్, అంటే యూనిట్లో తొమ్మిదో వంతు. 60 కిలోవాట్ల మోటారుకి అది ఆరు సెకన్ల పైచిలుకు మాత్రమే.

అందుకే ఈ కార్ల బ్యాటరీ మన ఇంటి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలా ఉండదు. టాటా నెక్సాన్ ఈవీ తొలి మోడల్లో 30.2 యూనిట్ల బ్యాటరీ 95 కిలోవాట్ల మోటారుని నడిపేది. లాఫెరారీ కోవకే చెందిన హైబ్రిడ్ పోర్షే 918 స్పైడర్‌లో 6.8 యూనిట్లే, కానీ అది రెండు మోటార్లకి కలిపి 210 కిలోవాట్లు ఇవ్వాలి. బిందె చిన్నది, మూతి వెడల్పు. చిన్న బ్యాటరీలోంచి అంత కరెంటు గుంజితే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. లిథియం సెల్స్‌కి మన మే నెల ఎండే ఎక్కువ, పక్కన కాలిపోతున్న ఇంజను ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. 918లో పొగ గొట్టాలు కారు వెనక కాకుండా ఇంజను నెత్తిమీదినుంచి పైకి తెరుచుకోవడం చూసి అందరూ సోకు అనుకున్నారు. వేడిని బ్యాటరీ వైపు పోనివ్వకుండా దగ్గరి దారిలో బయటికి తోలెయ్యడం దాని అసలు ఉద్దేశం. (ఆ కారు 100 కిలోమీటర్లకి 3 లీటర్లే తాగుతుందని అధికారిక లెక్క. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీతో పరీక్ష మొదలుపెడితే అలాగే వస్తుంది మరి.)

918 కార్లు సరిగ్గా 918 తయారయ్యాయి. లాఫెరారీలు 499, తర్వాత ఇటలీ భూకంప బాధితుల కోసం 2016లో వేలం వెయ్యడానికి ఇంకొకటి. సంఖ్య తగ్గించడంలో వ్యాపారం తెలివి ఉందనుకోండి, కానీ పని కూడా అలాంటిదే. ఆటోనగర్‌లో చాసీ వేరుగా వస్తుంది, దానిమీద బాడీ కడతారు. ఈ కార్లలో మనిషి కూర్చునే కార్బన్ ఫైబర్ తొట్టే వెన్నెముక. లాఫెరారీకైతే జిగురు పట్టించిన కార్బన్ బట్టని చేత్తో పొర మీద పొర అచ్చులో పరిచి, గాలి పీల్చేసి, ఆటోక్లేవ్‌లో ఉడికిస్తారు. మనిషి నడిచి వెళ్లగలిగేంత ప్రెషర్ కుక్కరన్నమాట. లాఫెరారీలో సీటు ఆ తొట్టికే బిగిసి ఉంటుంది, జరగదు. యజమాని ఒంటి కొలతకి మెత్త కుట్టి, పెడల్సునీ స్టీరింగునీ ఆయన దగ్గరికి జరుపుతారు.

చేత్తో ఒక్కొక్కటే కడతారనేసరికి బాబాయ్ ముందుకి జరిగి కూర్చున్నారు. "గుద్దుకుంటే డెంటింగ్ చెయ్యొచ్చా?" అని అడిగారు.

కార్బన్‌కి సొట్ట పడదని చెప్పాను. చీలుతుంది. ఒక్కోసారి పైకి ఏమీ కనపడకుండా లోపల పొరలు విడిపోతాయి, అల్ట్రాసౌండ్ పెట్టి వెతకాలి. దెబ్బతిన్నంత మేరా కోసేసి, కొత్త పొరలు అతికి, మళ్లీ వేడిలో గట్టిపరచాలి.

"సుత్తికి పని లేదంటావ్, అయితే" అని ఫోను నా చేతిలో పెట్టి, టార్చి లైటు తీసుకుని లారీ కిందికి దూరారు.