స్టార్ క్వార్టర్‌బ్యాక్ మంచి కోచ్ అవుతాడా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌లకు శిక్షణ ఇవ్వడం నా పని. బంతి చేతికి అందగానే దాన్ని విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పట్టుకుని పరుగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవలసిన ఆటగాడే క్వార్టర్‌బ్యాక్. పిల్లలను మైదానానికి తీసుకువచ్చే తెలుగు తల్లిదండ్రులు కోచ్‌ల గురించి అడిగినప్పుడల్లా నేను స్టీవ్ స్పరియర్ కథే చెబుతాను. ఆయన 1966లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తరఫున ఆడి హైస్మన్ ట్రోఫీ గెలిచారు. కళాశాల ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడికి అంతకు మించిన గౌరవం లేదు.

అపోహ: గొప్పగా ఆడినవాడికి కోచింగ్ దానంతట అదే వస్తుంది.

వాస్తవం: హైస్మన్ తర్వాత స్పరియర్ శాన్ ఫ్రాన్సిస్కో ప్రొఫెషనల్ జట్టులో తొమ్మిదేళ్లు గడిపారు. ఎక్కువ కాలం ప్రధాన క్వార్టర్‌బ్యాక్ జాన్ బ్రోడీకి ప్రత్యామ్నాయంగా పక్కన కూర్చున్నారు, బంతిని దూరంగా తన్నే పంటర్‌గా పనిచేశారు. 1976లో కొత్తగా పుట్టిన టాంపా బే జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా వెళ్తే ఆ జట్టు ఆడిన 14 మ్యాచ్‌లూ ఓడింది. 1978లో ఫ్లోరిడాలో సహాయ కోచ్‌గా చేరారు. ప్రధాన కోచ్ మారడంతో ఏడాదికే ఆ ఉద్యోగం పోయింది. జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలోనూ ఒక్క ఏడాదే.

ఆయనను కోచ్‌గా మలిచింది ట్రోఫీ కాదు, ఈ ఏళ్లే అని నా నమ్మకం. ప్రతిభ ఉన్నవాడు సరైన పని చేసేస్తాడు గాని, అది ఎందుకు సరైనదో చెప్పమంటే తడబడతాడు. పక్కన కూర్చుని ఏళ్ల తరబడి ఆటను చూసినవాడికి ఆ కారణాలు తెలుస్తాయి. నా దగ్గర కూడా రెండో స్థానంలో ఉన్న పిల్లలే మంచి ప్రశ్నలు అడుగుతారు.

అపోహ: పెద్ద పేరున్న విశ్వవిద్యాలయంలోనే కోచ్ రాణిస్తాడు.

వాస్తవం: ఫుట్‌బాల్‌లో వెనుకబడిన డ్యూక్ విశ్వవిద్యాలయానికి ఆయన ప్రధాన కోచ్‌గా 1989లో, మరో జట్టుతో ఉమ్మడిగా, కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఆడే లీగ్) టైటిల్ తెచ్చారు. ఆ విశ్వవిద్యాలయానికి 1962 తర్వాత అదే మొదటిది.

అపోహ: మంచి కోచ్ తన పద్ధతిని ఎప్పటికీ మార్చుకోడు.

వాస్తవం: 1996 నవంబరులో, స్పరియర్ ప్రధాన కోచ్‌గా ఉన్న ఫ్లోరిడా జట్టు ఫ్లోరిడా స్టేట్ అనే మరో విశ్వవిద్యాలయం చేతిలో 24-21తో ఓడింది. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ డానీ వర్ఫెల్‌ను ప్రత్యర్థులు పదేపదే నేలకూల్చారు. ఐదు వారాల్లోపే, 1997 జనవరి 2న, షుగర్ బౌల్ అనే మ్యాచ్‌లో మళ్లీ అదే ప్రత్యర్థి ఎదురైంది. స్పరియర్ అప్పటిదాకా క్వార్టర్‌బ్యాక్‌ను సెంటర్ (బంతిని వెనక్కి అందించే ఆటగాడు) వెనుకనే ఆనించి నిలబెట్టడానికి అలవాటుపడినవారు. ఈసారి వర్ఫెల్‌ను కొన్ని గజాలు వెనక్కి జరిపారు. దీన్నే షాట్‌గన్ అంటారు. దీనికి చెల్లించవలసిన మూల్యం ఉంది: గాలిలో వచ్చే బంతిని ముందు కళ్లతో పట్టుకోవాలి కాబట్టి ఆ క్షణం ప్రత్యర్థి రక్షణ వరుస మీద చూపు ఉండదు. లాభం, మీదికి దూసుకొచ్చేవాళ్లు చేరేలోగా దొరికే కాస్త వ్యవధి. వర్ఫెల్‌కు ఆ వ్యవధి చాలు. 306 గజాలు పాస్ చేశాడు, ఫ్లోరిడా 52-20తో గెలిచి జాతీయ చాంపియన్ అయింది. ఆ సీజన్ హైస్మన్ కూడా వర్ఫెల్‌దే. హైస్మన్ విజేత శిక్షణలో మరో హైస్మన్ విజేత తయారైన ఘనత అది. నా విద్యార్థులకు ఆ రెండు మ్యాచ్‌ల వీడియోలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఎన్నిసార్లు చూపినా నాకు విసుగు రాదు.

అపోహ: కళాశాలలో గెలిచినవాడు ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ గెలుస్తాడు.

వాస్తవం: ఫ్లోరిడాలో పన్నెండు సీజన్లలో 122 విజయాలు సాధించిన స్పరియర్, 2002, 2003 సీజన్లలో వాషింగ్టన్ జట్టుతో 12 గెలిచి 20 ఓడారు. అక్కడ ప్రతి ప్రత్యర్థీ దాదాపు సమాన బలం కలవాడే, ఆటగాళ్లు కళాశాల కుర్రాళ్లు కారు. రాజీనామా చేసి, 2005 సీజన్ నుంచి సౌత్ కరొలైనాలో మళ్లీ విద్యార్థుల మధ్య నిలబడ్డారు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ 11 విజయాలు చూడని ఆ జట్టు 2011, 2012, 2013లో వరుసగా 11 చొప్పున గెలిచింది.