బ్యాటరీ మీద నేరం మోపే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మన మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చుకున్న బండిలో, దీపాలు చక్కగా వెలుగుతున్నా, ఇన్వర్టర్ మీద నీళ్ల కెటిల్ పెట్టగానే అది కూతపెట్టి ఆగిపోతోందనీ, కొత్త బ్యాటరీ కొనవలసిందేనా అనీ అడిగారు. అప్పుడే కొనకండి.

ఇంజన్‌ను తిప్పే బ్యాటరీ వేరు, లోపలి దీపాలకూ పంపుకూ ఇన్వర్టర్‌కూ కరెంటు ఇచ్చే బ్యాటరీ వేరు. మీ తంటా రెండవదానితో. ఛార్జరు తీసి, ఏమీ వాడకుండా కొన్ని గంటలు ఉంచి, వోల్టులూ ఆంపియర్లూ చూపే మల్టీమీటరుతో కొలవండి. సీసపు బ్యాటరీ అయితే 12.6 లేదా 12.7 వోల్టులంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం. లిథియం బ్యాటరీకి ఈ లెక్క పనికిరాదు. అది చాలావరకు ఖాళీ అయ్యేదాకా 13 వోల్టుల దరిదాపుల్లోనే ఉండి మనల్ని మభ్యపెడుతుంది.

అసలు పరీక్ష ఎక్కువ కరెంటు లాగినప్పుడే జరుగుతుంది. ఎక్కడో ఒక వదులు బిగింపులో 0.01 ఓము నిరోధం ఉందనుకోండి. దీపాలు 2 ఆంపియర్లు లాగితే అక్కడ పోయేది 0.02 వోల్టు మాత్రమే, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కెటిల్ కోసం ఇన్వర్టర్ 100 ఆంపియర్లు లాగితే అదే చోట ఒక వోల్టు హరించుకుపోతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయిందనుకొని ఆగిపోతుంది. అందుచేత కెటిల్ నడుస్తుండగానే, మీటరు ఒక మొనను బ్యాటరీ సీసపు కొమ్మ (తీగ బిగించే టెర్మినల్) మీద, రెండవదానిని దానికి బిగించిన క్లాంపు మీద ఆనించండి. తరువాత ఫ్యూజుకు ఇరువైపులా, స్విచ్చికి ఇరువైపులా, చివరకు ఎర్త్ తీగ ఛాసిస్‌ను (బండి లోహపు చట్రాన్ని) తాకే చోట కొలవండి. అంకె ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే దొంగ అక్కడే ఉన్నాడు. నేను ఒకసారి రెండు రోజులు ఇన్వర్టర్‌నే తిట్టుకున్నాను. తీరా చూస్తే ఎర్త్ బోల్టు కింద రంగు పూత ఉండి కరెంటును అడ్డుకుంటోంది.

కొమ్మల మీద తెల్లటి బూజులాంటిది పేరుకుని ఉంటే వంట సోడా కలిపిన నీటితో కడిగి, ఆరిన తరువాత బిగించండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరుస తప్పితే పాజిటివ్ మీద ఉన్న స్పానరు బండి లోహాన్ని తాకి నిప్పులు చెరుగుతుంది, పైగా ఛార్జయ్యే సీసపు బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఉంగరాలు, గడియారాలు తీసేసి పని మొదలుపెట్టండి.

బండి ఊరికే నిలిపి ఉంచినా బ్యాటరీ ఖాళీ అవుతుంటే అది మరో కథ. ఎక్కడో 0.1 ఆంపియరు కారుతున్నా రోజుకు 2.4 ఆంపియర్-గంటలు పోతాయి. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ మూడు వారాల్లో సగమవుతుంది. అన్నీ ఆపి, నెగటివ్ తీగ మధ్యలో మీటరు పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె పడిపోయే చోటు చూడండి. ఆ స్థితిలో ఇన్వర్టర్‌ను మాత్రం వేయకండి, మీటరు కాలిపోతుంది.

ఇవన్నీ బాగుండి, కెటిల్ నడుస్తుండగా నిండుగా ఛార్జయిన బ్యాటరీ కొమ్మల దగ్గరే వోల్టులు 10.5కు జారిపోతే, అప్పుడు బ్యాటరీని మార్చండి. ముందుగా మీరు కొలిచిన అంకెలను నాకు రాయండి.

మీ తాతయ్య