హ్యూజ్ పేజీలు: బరంపురం సర్వర్ గదుల్లో వినిపించే అపోహలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఆసుపత్రులకూ కాలేజీలకూ లినక్స్ సర్వర్లు చూసిపెట్టే తెలుగువాళ్లం కొందరం ఉన్నాం. సర్వర్ మెమరీని మామూలు చిన్న ముక్కలుగా (పేజీలుగా) కాకుండా పెద్ద ముక్కలుగా ముందే రిజర్వ్ చేసి ఉంచడమే హ్యూజ్ పేజీలంటే. కలిసినప్పుడల్లా వాటి మీద ఇవే మాటలు వినబడుతుంటాయి.

అపోహ: హ్యూజ్ పేజీలు పెడితే సర్వర్ మొత్తం స్పీడందుకుంటుంది.

అడిగి వాడుకునే ప్రోగ్రామ్‌కే లాభం. మామూలు పేజీ 4 కేబీ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు 8 జీబీ షేర్డ్ బఫర్లు (దాని ప్రాసెస్‌లన్నీ కలిసి వాడుకునే మెమరీ) ఇచ్చామంటే దాదాపు 21 లక్షల పేజీలు. ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో రాసుకునే పేజ్ టేబుల్‌లో ఒక్కోదానికి 8 బైట్లు. అంటే ఆ మెమరీ అంతా తిరిగిన ప్రతి ప్రాసెస్‌కూ 16 ఎంబీ టేబుళ్లే. పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్‌కో ప్రాసెస్ కదా, 200 కనెక్షన్లుంటే 3 జీబీ పైన లెక్కల పుస్తకాలకే పోతుంది! అదే 2 ఎంబీ పేజీలైతే 4,096తో సరి. ఆ టేబుల్‌లో ఈమధ్య చూసినవాటిని ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే చిన్న చోటు, టీఎల్‌బీకీ ఊపిరాడుతుంది. ఫైళ్ల కాపీకీ, బ్యాకప్‌కీ మాత్రం దీనివల్ల ఒరిగేదేం లేదు.

అపోహ: బూట్‌లోనే ఈ పేజీలు రిజర్వ్ చేయడం ఎందుకు, కావలసినప్పుడు పెంచుకుంటే పోలా?

పెంచుకోవచ్చు, దొరికితే. ఒక్కో పేజీకి 2 ఎంబీ భౌతిక మెమరీ ఒకేచోట, తెగకుండా ఉండాలి. వారాల తరబడి నడిచిన సర్వర్‌లో మెమరీ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. నాలుగు వేలు అడిగితే సగమే ఇచ్చి, ఎర్రర్ కూడా చూపకుండా ఊరుకుంటుంది. 1 జీబీ పేజీలైతే ఒకప్పుడు బూట్‌లో తప్ప వచ్చేవే కావు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ 3.16 వెర్షన్ నుంచి నడుస్తుండగా కూడా అడగొచ్చు గానీ, పాతబడ్డ మెమరీలో అంత ఖాళీ దొరకడం కష్టమే.

పైగా మన కరెంటు సంగతి తెలిసిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు యూపీఎస్‌లు ఎంతసేపని ఆగుతాయి? టెర్మినల్‌లో ఎకో కమాండ్ కొట్టి పెట్టిన పేజీల సంఖ్య రీబూట్‌తో పోతుంది. 2 ఎంబీ పేజీలకు కెర్నల్ సెట్టింగులుండే సిస్‌కంట్రోల్ ఫైల్లో రాసినా చాలావరకు సరిపోతుంది. 1 జీబీవి కావాలంటే బూట్‌లో కెర్నల్‌ను లేపే గ్రబ్‌లో కెర్నల్ లైన్‌కే ఎక్కించండి: పేజీ సైజు ముందు, పేజీల సంఖ్య తర్వాత.

అపోహ: కాస్త ఎక్కువే పెడదాం, ఖాళీగా ఉంటే వేరే ప్రోగ్రాములు వాడుకుంటాయి.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. పెళ్లి భోజనాల్లో వియ్యాలవారికని అట్టేపెట్టిన వరుస లాంటిది ఈ మెమరీ. వాళ్లు రాకపోయినా ఆ ఆకుల ముందు ఇంకెవరూ కూర్చోరు. చదివిన ఫైళ్లను దాచుకునే పేజ్ క్యాష్‌కు పనికిరాదు, డిస్కు మీది స్వాప్‌కీ పోదు. 32 జీబీ సర్వర్‌లో 24 జీబీ ఇలా కట్టేస్తే, ఒకపక్క హ్యూజ్ పేజీలు బోలెడు ఖాళీగా కనిపిస్తూనే మెమరీ అయిపోయినప్పుడు కెర్నల్ పంపే ఓఓఎం కిల్లర్ వచ్చి ప్రాసెస్‌లను చంపుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో హ్యూజ్ పేజీల సెట్టింగ్ మొదట్నుంచీ 'ట్రై' మీద ఉంటుంది. రిజర్వ్ చేసింది ఒక్క పేజీ తక్కువైనా, అది చడీచప్పుడు లేకుండా మామూలు మెమరీ తీసుకుంటుంది. అట్టేపెట్టింది అట్టాగే ఉంటుంది, అంతకంత మెమరీ మళ్లీ ఖర్చు. నా మాట విని 'ఆన్' పెట్టండి. చాలకపోతే డేటాబేస్ లేవనే లేవదు, తప్పు అప్పుడే దొరుకుతుంది. ఎన్ని పేజీలు కావాలో ఊహించక్కర్లేదు, 15వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్సే లెక్క చెబుతుంది.

అపోహ: ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు ఆన్‌లో ఉన్నాయిగా, మళ్లీ ఇదెందుకు?

అది వేరు, ఇది వేరు. 2011లో 2.6.38 కెర్నల్‌తో వచ్చిన ఆ ఏర్పాటు ముందుగా ఏదీ దాచిపెట్టదు, వీలైనప్పుడు చిన్న పేజీలను తానే పెద్దవిగా అతుకుతుంది. ఆ అతికే పనిలో ఆలస్యాలు వస్తాయని ఒరాకిల్, రెడిస్ దాన్ని ఆపేయమంటాయి.

అపోహ: కెర్నల్ లైన్‌లో రాశాం కాబట్టి వచ్చేసినట్టే.

అడిగినంత దొరక్కపోతే కెర్నల్ ఆగదు. దొరికినంత తీసుకుని, లాగ్‌లో ఒక లైన్ రాసి బూట్ అయిపోతుంది. డేటాబేస్ లేపే ముందు, మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫోలో హ్యూజ్ పేజెస్ టోటల్ ఒకసారి చూడండి. లేపాక ఫ్రీ తగ్గిందో, లేదంటే రిజర్వ్‌డ్ పెరిగిందో కూడా చూడండి. రెండూ కదలకపోతే ఆ పేజీలను ఎవరూ తాకలేదన్నమాట.