హెచ్ఐవీ మందులు పిల్లల ఎదుగుదలను ఆపేస్తాయా?

"మాత్రలు మొదలుపెట్టి ఆరు నెలలైంది డాక్టర్, పొడుగు పెరగట్లేదు. ఈ మందులే ఆపేస్తున్నాయట." ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులు, వాడే పిల్లల ఇళ్ల నుంచి ఈ మాట వింటూనే ఉంటాను. ఎవరు చెప్పారంటే జవాబుండదు. ఆ 'అట'ని నమ్మి మందు మానేస్తే మాత్రం నష్టపోయేది పిల్లలే.

ఎదుగుదలను దెబ్బతీసేది మందు కాదు, వైరస్. చికిత్స లేని ఒంట్లో పోరాటం ఆగదు. విరేచనాలు, నోటిపూత, కొందరికి టీబీ. ఆకలి ఉండదు, తిన్నది ఒంటికి పట్టదు. మందుతో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) తగ్గాక ముందు బరువు పుంజుకుంటుంది. ఎత్తు ఆ తర్వాత, నిదానంగా. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత బాగా అందుకుంటారు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో కొందరు తోటివాళ్లకంటే పొట్టిగానే ఉండిపోవచ్చు, రజస్వల కావడమో గొంతు మారడమో ఆలస్యం కావచ్చు. దానికీ మందును తిట్టుకోవద్దు.

ఒకావిడ మనవరాలికి మాత్రలు మాన్పించి, ఎత్తు పెరగడానికని ఏదో పొడి పట్టించింది. మళ్లీ తీసుకొచ్చేసరికి గౌను పాప భుజాల మీంచి జారిపోతోంది, ఎదుగుదల చార్టులో గీత కిందికి వంగింది. కోప్పడబోయి ఆగిపోయాను. ఆవిడ కూతురు ఈ జబ్బుతోనే పోయింది. మందు మళ్లీ మొదలుపెట్టి, చార్టు ఆవిడ చేతికే ఇచ్చి గీత ఎలా చూడాలో నేర్పాను.

ఇళ్లలో వినే ఇంకో మాట: "ఒళ్లు చేసింది కదా, డోసు తగ్గించొచ్చు." పూర్తిగా తప్పు. ఈ మందులు బరువును బట్టి ఇస్తాం. ఉదాహరణకి డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు: 3 కిలోల బరువుండి 4 వారాలు నిండిన పసివాళ్లకి నీళ్లలో కరిగే 10 మి.గ్రా. మాత్రలు, 20 కిలోలు వచ్చాక 50 మి.గ్రా. మాత్ర. పిల్లాడు పెరిగినా పాత డోసే నడిస్తే మందు చాలదు, వైరస్ దానికి లొంగకుండా తయారవుతుంది. వచ్చిన ప్రతిసారీ బరువు తూయించండి.

బలానికని కాల్షియం, ఐరన్ ఇస్తున్నారా? ఇవ్వండి, కానీ చెప్పి ఇవ్వండి. పరగడుపున కలిపి వేస్తే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా అందదు. అన్నంతోపాటు అయితే రెండూ కలిపి వేయొచ్చు. లేదంటే కాల్షియం, ఐరన్‌కి 2 గంటలు ముందు డోలుటెగ్రావిర్ వేయండి, లేదా వాటి తర్వాత 6 గంటలు ఆగి వేయండి.

మందు సరిగ్గా వేస్తున్నా బరువు కదలకపోతే, తగ్గితే, టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోకండి. తీసుకురండి. డోసు, వైరల్ లోడ్, టీబీ, ఈ మూడూ చూడాలి.