గుర్రాల మూత్రపిండాల్లో కాడ్మియం: ఈ సమస్య ఎక్కడ మొదలైంది?

ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఆహారంగా అమ్మే గుర్రం కాలేయంలో కాడ్మియం అనే భార లోహం కిలోకు 0.5 మిల్లీగ్రాములు, మూత్రపిండంలో 1 మిల్లీగ్రాము మించకూడదు. కానీ ఏ కర్మాగారం పొగా సోకని పచ్చికలో ఏళ్ల తరబడి మేసి, ఏ జబ్బూ లేకుండా పెరిగిన గుర్రం మూత్రపిండాన్ని పరీక్షించినా ఆ పరిమితికి ఎన్నో రెట్లు కాడ్మియం బయటపడటం మామూలే. అలాంటప్పుడు ఆ గుర్రం విషప్రభావానికి లోనైందనాలా, లేక వయసుతో పాటు వచ్చే సహజమైన పేరుకుపోవడం అనుకోవాలా అన్నది పశువైద్యులను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. ఒంటరి అంకె దీనికి జవాబు చెప్పలేదు. ఆ సంగతి తెలిసిరావడానికి వందేళ్లకు పైగా పట్టింది.

మొదట్లో లోహాల ప్రభావాన్ని అవయవాల్లో కాదు, పైకి కనిపించే లక్షణాల్లోనే గుర్తించారు. 1850ల్లో అమెరికాలోని ఫోర్ట్ రాండాల్ సైనిక స్థావరంలో (నేటి దక్షిణ డకోటా) అశ్వదళపు గుర్రాలకు జూలు, తోక వెంట్రుకలు రాలిపోయి, గిట్టలు పగిలి ఊడిపోవడాన్ని సైనిక వైద్యుడు టి. సి. మాడిసన్ నమోదు చేశాడు. అక్కడి నేలలోని సెలీనియం అనే మూలకం మొక్కల ద్వారా పశువుల ఒంట్లోకి చేరుతోందని 1930లలో గానీ తేలలేదు. అంతలోనే కథ మరో మలుపు తిరిగింది. అదే సెలీనియం అతి తక్కువ మోతాదులో శరీరానికి అత్యవసరమని 1957లో క్లాస్ ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ చూపించారు. అది చాలకపోతే గుర్రప్పిల్లల కండరాలు క్షీణిస్తాయి. చాలినంతకూ హాని చేసేంతకూ మధ్య ఎడం ఎంత తక్కువో 2009లో ఫ్లోరిడాలో రుజువైంది: పొరపాటున మోతాదు మించి తయారైన సెలీనియం మందు ఎక్కించడంతో 21 పోలో గుర్రాలు చనిపోయాయి.

కాడ్మియం, సీసం, ఆర్సెనిక్‌ల కథ వేరు. దీని మూలాలు లోహాన్ని కరిగించే కర్మాగారాల పొగగొట్టాల్లో ఉన్నాయి. మోంటానా రాష్ట్రంలోని అనకొండలో 1902లో కొత్త రాగి కర్మాగారం మొదలయ్యాక, డీర్ లాడ్జ్ లోయలో గుర్రాలు, పశువులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. హార్కిన్స్, స్వెయిన్ అనే రసాయన శాస్త్రవేత్తలు వాటి కళేబరాల్లోనూ గడ్డిలోనూ ఆర్సెనిక్‌ను కొలిచి 1908లో ప్రచురించారు. రైతులు కోర్టుకెక్కినా 1909లో తీర్పు కంపెనీ పక్షానే వచ్చింది. అవయవాల్లో కొలిచిన లోహాన్ని సాక్ష్యంగా నిలబెట్టిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి కాబట్టి, దానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనే నా అభిప్రాయం.

సీసం విషయంలో గుర్రాల బాధ మరీ ప్రత్యేకం. కెనడాలోని ట్రెయిల్ పట్టణపు కర్మాగారం పరిసరాల్లో గుర్రాలకు సీసం విషం ఎక్కిన సంగతి 1971లో వెలువడిన అధ్యయనం వివరించింది. స్వరపేటికను ఆడించే నరం దెబ్బతిని, ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులోంచి గురగుర శబ్దం రావడం ఈ జబ్బు లక్షణం. ఆవులు పైకి బాగానే కనిపించే పచ్చికలో గుర్రాలు మాత్రం జబ్బుపడిన సందర్భాలున్నాయి. గుర్రం గడ్డిని నేలకు దగ్గరగా కొరుకుతుంది, ఒక్కోసారి వేళ్లతో సహా పీకుతుంది, దాంతో మట్టి కూడా కడుపులోకి పోతుంది. ఈ తేడాకు చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఇక కాడ్మియం గురించి మనకు తెలిసిన అతి ముఖ్యమైన విషయం నేరుగా గుర్రం మూత్రపిండం నుంచే వచ్చింది. ఈ లోహం ఏ జీవ ప్రక్రియలోనైనా పాల్గొంటుందా అని వెతుకుతూ మార్విన్ మార్గోషెస్, బెర్ట్ వల్లీ 1957లో గుర్రం మూత్రపిండపు వెలుపలి పొర, అంటే వల్కలం నుంచి కాడ్మియంతో కూడిన ఒక ప్రోటీన్‌ను వేరుచేశారు. 1960లో యెరెమియాస్ కేగి, వల్లీ దానికి మెటలోథయోనిన్ అని పేరు పెట్టారు. అరవై చిల్లర అమైనో ఆమ్లాలున్న ఈ చిన్న ప్రోటీన్‌లో 20 సిస్టీన్ అనే గంధకముండే రకానివే; వాటి గంధకం ఏడు జింకు లేదా కాడ్మియం అయాన్లను గట్టిగా పట్టి ఉంచుతుంది. పేగు నుంచి రక్తంలోకి చేరిన కాడ్మియాన్ని ముందు కాలేయం ఈ ప్రోటీన్‌తో బంధిస్తుంది, ఆ తర్వాత అది మెల్లగా మూత్రపిండానికి చేరి వల్కలంలోని నాళికల కణాల్లో నిలిచిపోతుంది. బంధించి ఉన్నంతవరకూ లోహం హాని తగ్గుతుంది, కానీ బయటికి పోయే దారి దాదాపు మూసుకుపోతుంది. మనిషి మూత్రపిండంలో అది సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుందని అంచనా. ఆరు నెలలకే వధకు వెళ్లే పందితో పోలిస్తే, ఇరవై ఏళ్లకు పైగా మేసే గుర్రంలో అది ఎంత పోగవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జపాన్‌లోని జింజు నది లోయలో ఎముకలు గుల్లబారి మనుషులు నరకయాతన పడ్డ ఇతాయ్-ఇతాయ్ వ్యాధికి కాడ్మియమే కారణమని ఆ దేశ ప్రభుత్వం 1968లో అంగీకరించాక, మూత్రపిండం ఎంత కాడ్మియాన్ని తట్టుకోగలదన్న ప్రశ్న మనుషుల వైద్యంలోనూ అత్యవసరమైంది. సహజంగానే ఎక్కువ కాడ్మియం ఉండే గుర్రం వైపు స్వీడన్ పరిశోధకులు దృష్టి సారించారు. వాళ్లు 1981లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు గుర్రాల్లోనే కొన్నింటి వల్కలంలో కాడ్మియం కిలోకు వంద మిల్లీగ్రాములు దాటింది. లోహం పెరిగినకొద్దీ కణజాలంలో మార్పులూ పెరిగాయి. మనుషుల విషయంలో అప్పట్లో ప్రమాదపు గీతగా పెట్టుకున్నది 200. ఆ మరుసటి ఏడాదే పెన్సిల్వేనియాలోని పామర్టన్ జింకు కర్మాగారం దగ్గర పెరిగిన గుర్రప్పిల్లల కథ వెలుగులోకి వచ్చింది. కీళ్లు వాచి, కుంటుతూ, ఎముకలు పలచబడిన ఆ పిల్లల్లో జింకు, కాడ్మియం రెండూ ఎక్కువగా ఉన్నాయి. జింకు అతిగా చేరితే శరీరానికి రాగి అందదు కనుక, అక్కడ ఎముకల్ని దెబ్బతీసింది ఏ లోహమో విడదీసి చెప్పడం కష్టం.

అందుకే ప్రయోగశాల నివేదికలో అంకె పక్కన గుర్రం వయసు, మేసిన నేల, నమూనా తీసిన చోటు తప్పకుండా ఉండాలి. కాడ్మియం ప్రధానంగా వల్కలంలోనే ఉంటుంది కాబట్టి మూత్రపిండం మొత్తాన్ని నూరి కొలిస్తే విలువ తగ్గుతుంది. మూత్రపిండంలో మూడు వంతులకు పైగా నీరే కాబట్టి ఎండబెట్టి కొలిస్తే నాలుగైదు రెట్లు పెరుగుతుంది. ఈ వివరాలు లేని రెండు అధ్యయనాల్ని పక్కపక్కన పెట్టి ఒక దేశపు గుర్రాలు మరో దేశపు గుర్రాల కంటే కలుషితమైనవని తేల్చడం సరికాదు. వయసు సంగతిని చట్టం కూడా గుర్తించింది: పరిసరాల్లో భార లోహాలు విస్తృతంగా ఉన్నట్టు తేలిన ప్రాంతాల నుంచి వచ్చిన, రెండేళ్లు పైబడిన జంతువుల కాలేయం, మూత్రపిండాలు తినడానికి పనికిరావని ఐరోపా మాంస తనిఖీ నియమాలు చెబుతున్నాయి. మట్టికి కాడ్మియాన్ని చేర్చే ఫాస్ఫేట్ ఎరువుల మీదా అక్కడ 2022 నుంచి పరిమితి అమల్లో ఉంది: కిలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌కు 60 మిల్లీగ్రాములు. అయితే అది కొత్తగా చేరేదాన్ని మాత్రమే అదుపు చేస్తుంది, దశాబ్దాలుగా నేలలో చేరి ఉన్న లోహాన్ని తగ్గించదు.