కారం మంట, బెణుకు మంట

గుంటూరు మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే ఒకావిడ మొన్న అడిగింది: "కాలు బెణికితే బిళ్ళతో తగ్గింది సార్. అదే బిళ్ళకి చేతుల మంట తగ్గదేం?" మా బైపీసీ పిల్లలెవరూ ఇంత మంచి ప్రశ్న వెయ్యలేదు. ఇన్‌ఫ్లమేషన్ లక్షణాలంటే ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని నాలుగు ముక్కలు బట్టీపడితే వాళ్ళకి మార్కులొచ్చేస్తాయి మరి.

రెండు మంటలూ తట్టేది ఒకే తలుపుని. నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటితేనే తెరుచుకుని "కాలింది" అని కబురు పెడుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ వేడితో పనిలేకుండా నేరుగా గడియ తీసేస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ ప్రోటీన్‌ని పట్టుకున్నదీ క్యాప్సైసిన్‌ని ఎరగా వేసే. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది.

బెణుకు దారి వేరు. దెబ్బ తగిలిన కణాల పొర నుంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం విడివడుతుంది. కాక్స్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీ మొదలుపెడుతుంది. ఇవి గడియ తియ్యవు, వదులు చేస్తాయంతే. అప్పుడు ఒంటి వేడికే తలుపు తెరుచుకుంటుంది. ఎండకు కమిలిన వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోసుకున్నా చుర్రుమనేది ఇందుకే.

బిళ్ళ తలుపు జోలికే పోదు, అడ్డుకునేది కాక్స్‌ని. కారానికి కాక్స్‌తో పనిలేదు, అందుకే చేతుల మంట తగ్గదు. కాక్స్‌లో సన్నటి సొరంగం ఉంది, ఆమ్లం అందులోంచే లోపలికి పోవాలి. ఐబుప్రోఫెన్ దారికి అడ్డంగా కూర్చుని, కొన్ని గంటల్లో లేచిపోతుంది. ఆస్పిరిన్ అయితే కాక్స్-1లో 530వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఎసిటైల్ ముక్క అతికించి పోతుంది. ఆ ఎంజైమ్ ఇక పనికిరాదు, కణం కొత్తది చేసుకోవాల్సిందే. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, చేసుకోలేవు. గుండెజబ్బు వాళ్ళకి రోజుకో 75 మిల్లీగ్రాముల బిళ్ళ సరిపోయేది అందుకే. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో జాన్ వేన్ గుట్టు విప్పేదాకా డెబ్బై ఏళ్ళపాటు ఎలా పనిచేస్తుందో తెలియకుండానే మింగారు జనం!

"బిళ్ళ వేడి చేస్తుంది, మజ్జిగ తాగు" అనేది మా అమ్మ. వేడి మాట నేను ఒప్పుకోను గానీ భయం మాత్రం నిజమే. కడుపు లోపలి గోడకి జిగురుపూత నిలిపేవీ ప్రోస్టాగ్లాండిన్లే.

స్టెరాయిడ్లు ఇంకో మెట్టు పైన, ఆమ్లం విడివడే దగ్గరే పట్టు బిగిస్తాయి. అయితే వారాల తరబడి వాడి ఠక్కున ఆపితే, అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్ తయారీని వెంటనే అందుకోలేదు. డాక్టరు మెల్లగా తగ్గించాల్సిందే.

చేతులకి మాత్రం నూనె రాసి తుడుచుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోమన్నాను; క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు.

"కొబ్బరినూనె రోజూ రాసుకునేదేగా సార్," అందావిడ.